శవం లేచి వెళ్లే మర్యాద

కురోసె మొంజి జన్మంతా చేసిన ఉద్యోగం చచ్చిపోవడం. శ్రద్ధగా, వేళ తప్పకుండా, ఎవరికీ ఇబ్బంది కలగకుండా చచ్చిపోయాడు. ఇలాంటివాళ్ల చరిత్ర ఎవరూ రాయరు కనుక ఇక్కడ రాయడమైనది.

మా క్యోటోలో కబుకీ నాటకం వంశంలో పుట్టినవాళ్ల సొత్తు. మొంజి ఉప్పుచేపల కొట్లో పుట్టాడు. అందుచేత గురువు కురోసె మొన్నొసుకె అతనికి తన పేరులో ఒక ముక్క, నాటకశాల మూడో అంతస్తులో ఒక చాప, కథానాయకుడు కత్తి విసిరినప్పుడల్లా గాలిలో పల్టీ కొట్టి చచ్చే హక్కూ దయచేశాడు. చచ్చాక పాటించవలసిన మర్యాద ఒకటుంది. ఒళ్లంతా నల్లబట్టలు కప్పుకున్న మనిషి నల్లతెర పట్టుకొచ్చి శవానికి అడ్డంగా నిలబడతాడు. శవం లేచి, నడుం వంచి, తెర చాటున లోపలికి నడిచిపోతుంది. ఇదంతా ప్రేక్షకులకు కనిపిస్తుంది. చూడకపోవడం వాళ్ల మర్యాద.

నాటకశాల వెనక గుమ్మంలో పేర్ల పలక ఉండేది. వచ్చిన నటుడు తన పేరు కింది చిల్లులో వెదురు మేకు గుచ్చాలి. మొంజి పేరు ఎడమవైపు చిట్టచివర, గొడుగులు ఆనించే చోట. రోజూ మేకు గుచ్చి, కాసేపు దాన్ని చూసుకుని గానీ మెట్లెక్కేవాడు కాదు.

తల నెరుస్తున్నా ఒక్క మాటున్న వేషం రాలేదు. యుద్ధం అయిపోయాక ఊరి పడమట ఉజుమసా స్టూడియోల్లో సమురాయ్ కత్తియుద్ధాల సినిమాలు మళ్లీ మొదలయ్యాయి. అక్కడ కత్తిదెబ్బ తిని పడేవాళ్లు కావాలన్నారు. మొంజి గురువు దగ్గర సెలవడిగాడు.

"మట్టిలో ఆడతావన్నమాట," అన్నాడు గురువు. సినిమాకు వాళ్ల వాడుకలో అదే పేరు. "వెళ్లు నాయనా. పలక మీద పేరు మాత్రం గీకించేస్తా."

గీకించేశాడు కూడా.

మొదటి రోజు సినిమాలో మొంజి దివ్యంగా చచ్చాడు. పడుకుని తెర కోసం ఎదురు చూశాడు. రాలేదు. నల్లబట్టలవాడికి ఏదో ఆలస్యమైందనుకుని, తనే లేచి నడుం వంచి, కెమెరా ముందునుంచే వినయంగా నడిచి వెళ్లాడు.

"ఏమయ్యా శవం, ఎక్కడికి?" అన్నాడు డైరెక్టరు హతానో.

"లోపలికండి."

"ఏ లోపలికి? ఇది ముల్లంగి చేను."

"తెర రాలేదండి. అందుకని..."

"చచ్చినవాడు చచ్చినట్టు పడుండాలి. నేను కట్ అనేదాకా కదలకూడదు. భూకంపం వచ్చినా సరే."

మొంజి ఆ ఉపదేశాన్ని శిరసావహించాడు. వానలో పడున్నాడు, మంచులో పడున్నాడు, చీమలకు ఒళ్లప్పగించి పడున్నాడు. ఒకసారి హతానో కట్ అనడం మరిచి భోజనానికి వెళ్లాడు. తిరిగొచ్చేసరికి మొంజి అక్కడే ఉన్నాడు.

"మొన్న సినిమాలో మా ఆవిడ నిన్ను గుర్తుపట్టింది," అన్నాడు విగ్గులు పెట్టే యసకు.

"మొహం కనపడలేదుగా."

"వీపునుబట్టి పట్టేసింది. నాకైనా అంత గౌరవం దక్కలేదు."

ఇలా ఏళ్లు గడిచాక గురువు కబురు పంపాడు. తన కొడుకు వంశాచారం ప్రకారం తండ్రి పేరు స్వీకరించే నాటకం, అందులో పెద్ద పోరాటం ఉంది. పల్టీలు తెలిసిన వాళ్లందరినీ సినిమా ఊడ్చుకుపోయింది. ఉన్న కుర్రాళ్లు కాళ్లు బెణికించుకున్నారు.

"నెల రోజులు ఆడు. తప్పు రాకపోతే పలక మీద నీ పేరు మళ్లీ రాయిస్తా," అన్నాడు గురువు.

"అలాగేనండి," అన్నాడు మొంజి. ఆ మధ్యాహ్నం నూడుల్స్ రెండో గిన్నె అడిగాడని యసకు అందరికీ చెప్పాడు. తరవాత పెరట్లో కూర్చుని వెదురుముక్క చెక్కి మేకు చేసుకున్నాడు.

మొదటి ప్రదర్శనకు ఆ మేకు నడుంపట్టీలో దోపుకుని వేదికెక్కాడు. కత్తి మెరిసింది, పల్టీ కొట్టాడు, పడ్డాడు. వంక పెట్టడానికి లేదు. తెర వచ్చింది. శవం లేవలేదు.

"మొంజన్నా, లే," అన్నాడు నల్లబట్టలవాడు గొంతు తగ్గించి.

శవం ఊపిరి కూడా బిగబట్టింది.

"అన్నా, చేతులు పడిపోతున్నాయి. లే, నీకు పుణ్యముంటుంది."

వాద్యగాళ్లు అదే ముక్క మళ్లీ మళ్లీ వాయించారు. కొత్త పేరు పెట్టుకున్న కథానాయకుడు కళ్లు ఉరిమి చూసే భంగిమలో, ఉరిమి చూస్తూనే ఉండిపోయాడు. పై వరసలోంచి ఎవరో, "పోయినాయనకు ఎవరైనా చెప్పండయ్యా," అన్నారు. హాలంతా నవ్వింది. చివరికి ఇద్దరు వచ్చి కాళ్లు పట్టి లాక్కుపోయారు.

గురువు అద్దం ముందు కూర్చుని ఉన్నాడు. వెనక్కి తిరగలేదు.

"ఎందుకు లేవలేదు?"

"కట్ అనలేదండి."

గురువు అద్దంలోనే అతన్ని చూస్తూ అన్నాడు.

"శవంగా బాగున్నావు. నా దగ్గరున్నప్పుడు ఇంత బాగా చావలేదు. రేపటినుంచి రానక్కర్లేదు."

మొంజి వంగి దణ్ణం పెట్టి బయటికి వచ్చాడు. గుమ్మంలో పలక ఉంది. చిట్టచివర గీకిన చోట చెక్క తెల్లగా ఉంది, కింద చిల్లు అలాగే ఉంది. గొడుగు తీసుకుని వెళ్లిపోయాడు.

మర్నాడు పొద్దున స్టూడియోలో యసకు విగ్గు బిగిస్తూ అడిగాడు. "ఎలా జరిగింది?"

"చెక్క నున్నగా ఉంది."

"ఏ చెక్క?"

"వేదిక. పడుకుంటే చల్లగా ఉంది."

బయట వాన వెలిసి చేనంతా బురదగా ఉంది. హతానో శవాలను పిలిచాడు. విగ్గు కింద దురద పుడితే మొంజి వెదురు మేకు తీసి గోక్కున్నాడు. దాన్ని యసకు చేతిలో పెట్టి, గోక్కోవడానికి బాగా పనికొస్తుందని చెప్పి, చావడానికి వెళ్లాడు.