అసిరయ్య చంపిన డ్రైవర్లు

అసిరయ్య పక్క సీట్లో కూర్చున్నాడంటే దారి పొడవునా శవాలే. ముప్పై ఏళ్లు లారీ నడిపి దిగిన మనిషి. ఇప్పుడు ఎవరి బండి ఎక్కినా ఏ మలుపులో ఎవరు పోయారో, ఏ తప్పు చేసి పోయారో, పోయాక టైరు ఎంత దూరం దొర్లిందో చెబుతాడు. టీ తాగుతూ చెబుతాడు, పకోడీ నములుతూ చెబుతాడు. పోయినవాడి చొక్కా రంగుతో సహా చెబుతాడు. కళింగపట్నం చుట్టుపక్కల పెళ్లివారి బస్సుల్లో ఆయన్ని అందరికంటే వెనక సీట్లో కూర్చోబెట్టడం ఆనవాయితీ.

అలాంటివాణ్ణి ఆ రోజు అరుణశ్రీ తనే పిలిచి పక్కన కూర్చోబెట్టుకుంది. చేపల రేవుకు ఐసు తోలే పికప్ వ్యాను ఆమెది. అయిదేళ్లుగా నడుపుతోంది గానీ వెనక ఏదీ కట్టి లాగలేదు. ఇప్పుడు లాగవలసింది ఇరవై ఎనిమిది అడుగుల ఫైబరు బోటు. ట్రైలరుతో కలిపి రెండు టన్నులకు దగ్గర.

నాగావళి పొంగి లంకపేటను చుట్టేసింది. ఆ ఊళ్లో ఆమె అక్క తాయారు ఉంది. తాయారుకు వారానికి మూడుసార్లు శ్రీకాకుళం ఆసుపత్రిలో డయాలసిస్. ఒక వంతు అప్పటికే తప్పిపోయింది. "కాళ్లు దుంగల్లాగ అయిపోనాయే. పడుకుంటే ఊపిరాడతాలేదు" అని పొద్దున ఫోన్లో చెప్పింది. ఆ తర్వాత ఫోన్ కలవలేదు. సహాయక పడవలు ఎగువ ఊళ్లలో ఉన్నాయి, మర్నాటికి గానీ రావన్నారు. తన బోటు ఇస్తానని రేవులో చేపల వేటకెళ్లే పృథ్వీరాజ్ ఒప్పుకున్నాడు. దాన్ని రోజూ లాగే ట్రాక్టరు డ్రైవరు వరదకు అవతల చిక్కుకుపోయాడు.

"చైన్లు కత్తెరలాగ అడ్డంగా ఎయ్యమ్మీ," అన్నాడు అసిరయ్య, వ్యానుకు ట్రైలరు తగిలించే కొక్కెం దగ్గర వంగి. "పైడిరాజు ఒక్క పిన్నునే నమ్ముకున్నాడు. దిగుడులో పిన్ను ఊడిపోనాది. తన బోటు తనని దాటుకుని ఎల్లిపోతంటే సూసినాడు. అదే ఆకరి సూపు."

"మావా, నీకు దండం పెడతాను. నానసలే బయంతో సస్తన్నాను."

"బయంతో సచ్చినోడు ఇంతవరకూ నాకు తగల్లేదమ్మీ. పాపం పైడిరాజు, నీలం సొక్కా ఏసుకున్నాడు."

అరుణశ్రీ చైన్లు కత్తెర వేసింది. అసిరయ్య బోటులోకి తొంగిచూసి మొహం చిట్లించాడు. ఇంజను, ఆయిలు డబ్బాలు, లంగరు, తాళ్ల మోపులు అన్నీ వెనక చివరే ఉన్నాయి.

"ఏట్రా ఇది? ముందుకి సర్దండి."

పృథ్వీరాజ్ నవ్వాడు. "సముద్రంలో బోటు ముక్కు లెగాల మావా. బరువు వెనకే ఉండాల. మా తాతల కాడి నుంచీ అంతే."

"ఇది తారు రోడ్డురా."

"రోడ్డెక్కితే మాత్రం బోటు బోటు కాకుండా పోతాదేటి?"

వాదించే తీరిక ఎవరికీ లేదు. పృథ్వీరాజ్, అతని ఇద్దరు కళాసీలు వ్యాను వెనక ఎక్కారు. బండి కదిలింది.

మొదటి అయిదు కిలోమీటర్లలో ముగ్గురు పోయారు. ముందు లారీని అంటుకుని వెళ్లినవాడొకడు. మలుపు కురచగా తిరిగి ట్రైలరు చక్రాన్ని కల్వర్టు దిమ్మ మీద ఎక్కించినవాడొకడు. గతుకులో వేగం తగ్గించనివాడొకడు. ఇద్దరివి తెల్ల చొక్కాలు, ఒకడిది గళ్లది. ఒక్కొక్కడూ పోతున్నకొద్దీ అరుణశ్రీ ముందు బండికి దూరం పెంచింది, మలుపులు వెడల్పుగా తిరిగింది, గతుకులకు ముందే గేరు మార్చింది. పళ్లు మాత్రం నూరుతూనే ఉంది.

వంతెనకు ముందు చిన్న దిగుడు. వేగం యాభైకి వెళ్లింది. ఒక్కసారిగా స్టీరింగు తేలికైపోయింది. అద్దంలో బోటు ఎడమకు పోయింది, కుడికి పోయింది, మళ్లీ ఎడమకు ఇంకొంచెం ఎక్కువగా పోయింది. వెనక ఎవరో కేక పెట్టారు. ఆమె కాలు బ్రేకు మీదికి లేచింది.

అసిరయ్య గొంతు పెంచలేదు. "ఇక్కడే జగన్నాధం బ్రేకు తొక్కినాడు."

కాలు గాలిలోనే ఆగింది.

"స్టీరింగు కూడా అటూ ఇటూ తిప్పీసినాడు. తిన్నగా పట్టుకుని, యాక్సిలేటరు మీంచి కాలు తీసీసుంటే బతికీవోడు."

ఆమె కాలు తీసేసింది. చేతులు బిగించి స్టీరింగును తిన్నగా ఉంచింది. నలభై, ముప్పై, ఇరవై. బోటు ఊగడం మానింది. బండిని పక్కకు ఆపి నుదురు స్టీరింగుకు ఆనించుకుంది.

పృథ్వీరాజ్ దిగి, ఇంజను ఊడదీసి ముందుకు చేర్చాడు. డబ్బాలు, లంగరు కళాసీలు మోశారు.

"ముక్కు లెగిసిందేట్రా?" అన్నాడు అసిరయ్య.

"నా ప్రానం లెగిసిపోనాది మావా. ఇంకేటీ అడక్కు."

లంకపేటకు ఇవతలి గట్టు రేవులో వ్యానును వెనక్కి నడిపి బోటును నీళ్లలోకి దించాలి. మొదటిసారి ట్రైలరు అడ్డం తిరిగింది. రెండోసారీ అంతే.

"అప్పలసూరి స్టీరింగు పైన పట్టుకున్నాడమ్మీ. ఎటు తిప్పినా బోటు దానికి ఎదురెల్లింది. సెయ్యి కిందకి దించి పట్టుకునుంటే, సెయ్యెటు జరిపితే బోటు అటే ఎల్లును."

"సచ్చినాడా?"

"ఆడూ, గట్టు మీద బర్రెలు మేపుకుంటన్న ముసలాయనా."

"ఇద్దరా!"

"బర్రెలు బతికినాయి."

చెయ్యి దించింది. మూడోసారి ట్రైలరు తిన్నగా నీళ్లలోకి దిగింది. నడుం లోతు నీళ్లలో నిలబడ్డ ఒక పెద్దాయనకు పృథ్వీరాజ్ తాడు విసిరాడు. "జగన్నాధం బావా, పట్టు!"

అరుణశ్రీ తల బయటపెట్టింది. "ఏ జగన్నాధం?"

ఆయన ఆమె పక్కనున్న అసిరయ్యను చూశాడు. "ఓహో. ఈసారి నన్నెక్కడ సంపినాడమ్మా?"

"వంతెన కాడ. బ్రేకు తొక్కి."

"కిందటేడు సాలూరు ఘాట్లో సంపినాడు. నాకు సైకిలు తొక్కడమే రాదు."

"మరి పైడిరాజు?"

"మొన్న మనవరాలి పెళ్లిలో గెంతులేసినాడు."

బోటు లంకపేట వైపు వెళ్లింది. అసిరయ్య టైర్లు చూసే నెపంతో దూరంగా పోయాడు. జగన్నాధం గట్టెక్కి లుంగీ పిండుకుంటూ చెప్పాడు. "ఎప్పుడో సొంత తమ్ముడికి లారీ నేర్పతా ఘాట్లో గట్టిగా అరిసీసినాడమ్మా. ఆడి సేతులు ఒణికిపోనాయి. ఆడొక్కడే నిజంగా పోనాడు. ఆ కత మాత్రం సెప్పడు. అప్పటి నుంచీ స్టీరింగు పట్టుకున్నోళ్లని ఒక్క మాటనడు. అనాల్సిందేదో మమ్మల్ని సంపి మాకు అంటగడతాడు."

"మీకు కోపం రాదేటి?"

"ఎందుకమ్మా? నా సావు ఇనీసి ఎంతమంది ఇల్లు సేరినారో."

గంటన్నరకు బోటు తిరిగి వచ్చింది. తాయారును ప్లాస్టిక్ కుర్చీతో సహా ఎత్తి దించారు. ముఖం ఉబ్బి కళ్లు గీతల్లా ఉన్నాయి. ట్రైలరును రేవులో వదిలి, ఆమెను అసిరయ్యకూ చెల్లెలికీ మధ్య కూర్చోబెట్టుకుని బయలుదేరారు.

తాయారుకు మాటకొక ఊపిరి పడుతోంది. "మావా, అందరికీ... సెప్తావు. నాలాగ... ఎవులు పోనారు?"

రెండు కిలోమీటర్లు ఒక్క శవం పడలేదు. ఇప్పుడు అరుణశ్రీకి నిజంగా భయం వేసింది.

చివరికి అసిరయ్య తువ్వాలుతో మెడ తుడుచుకుని మొదలుపెట్టాడు. "ఒకావిడుండీది. నీకులాగే ఒక వంతు తప్పిపోనాది."

"ఊఁ."

"బతికీసినాది."

"తరవాత?"

"తరవాతేటి... బతికీసినాది. అంతే."

"సీర... ఏ రంగు?"

అసిరయ్య కిటికీలోంచి బయటికి చూశాడు. బతికినవాళ్లు ఏం కట్టుకుంటారో ఆయన ఎప్పుడూ ఆలోచించినట్టు లేదు. "ఏదో... సీరే కట్టుకుంది."

"సెత్త కత మావా," అంది తాయారు. నవ్వబోయి దగ్గింది, దగ్గుతూనే నవ్వింది. అరుణశ్రీ కాలు యాక్సిలేటరు మీద ఇంకొంచెం దిగింది.

ఆసుపత్రిలో మంచం దొరికింది, మిషను తిరిగింది. నాలుగు గంటల తర్వాత నర్సు ఇద్దరినీ లోపలికి రానిచ్చింది. తాయారు తలగడకు ఆనుకుని, ఆగకుండా మాట్లాడేంత ఊపిరితో ఉంది.

"ఇంతకీ ఆవిడ పేరేటి మావా?"

అసిరయ్య ఇబ్బందిగా చెవి గోక్కున్నాడు. "ఇంకా పేరెట్టలేదమ్మా. ఎల్లుండి మళ్లీ నీ వంతు కదా, అప్పుడొచ్చి సెప్తాను."