మొదటి కాఫీ ఎవరికి

సెలవులకి వచ్చిన మా మనవరాలు ఫోనులో పోకర్ పాఠాలు వింటోంది. ఎవరో కోటు వేసుకుని, ముక్కలు పరిచి మరీ చెబుతున్నాడు. ఇదేం దరిద్రమే అంటే, "జూదం కాదు అమ్మమ్మా, స్కిల్లు" అంది. పేరు మారిస్తే కంపు పోతుందా? ఇంచుమించు అదే ఆట, మా నరసాపురంలో మూడు ముక్కలాట అనేవారు. మా ఆయన రేవులో, గోదావరి దాటించే పంటు కోసం కాచుకుంటూ ఆడేవాళ్ళ వెనక నిలబడి నేర్చుకున్నారు. మా మరిది పోగొట్టుకుంటూ నేర్చుకున్నాడు, పూర్తిగా నేర్చుకోనూ లేదు. నేను మాత్రం నా వంటింట్లో, చింతగింజలు పందెం పెట్టి, మా ఆయన దగ్గరే నేర్చుకున్నాను.

పెళ్ళయిన పదేళ్ళలో ఆయన నా పక్కన కూర్చుని అంతంతసేపు మాట్లాడింది ఆట నేర్పిన ఆ వారం రోజులే. ముచ్చటపడ్డాను కూడా. ఎందుకు నేర్పారో తరువాత తెలిసింది. మధ్యాహ్నం బట్టల కొట్టు కట్టేసి, పెరటి వసారాలో ఆట వేసేవారు. నేను కాఫీ తెస్తూ ఎదుటివాళ్ళ ముక్కలు వెనకనుంచి చూడాలి. అవి పెద్దవైతే మొదటి గ్లాసు ఆయనకి, చిన్నవైతే ఎదుటివాళ్ళకి. ఆ వసారా అంటే ఇప్పటికీ నాకు అసహ్యం. వేళ్ళు ఉమ్మితో తడుపుకుని పంచే జిడ్డు ముక్కలు, నేను చింతపండుతో తోమిన గ్లాసుల్లో చుట్ట నుసి, కాఫీపొడి దండగ. అన్నిటికన్నా, పళ్ళెం పట్టుకున్న నా చేతులే నాకు రోత.

ఒకరోజు చేపలు పట్టే అతనొకడు తెచ్చిందంతా పోగొట్టుకుని, "నా వల పెడతానండి షావుకారు గారూ" అన్నాడు. ఆ వల పోతే అతని ఇంట్లో పొయ్యి వెలగదు. అతని ముక్కలు చూశాను. తొమ్మిదిని మించింది లేదు. మొదటి గ్లాసు మా ఆయనకిచ్చాను. ఆయన ఆట వదిలేసి తన ముక్కలు పడేశారు. అతను నవ్వుతూ తనవి తిప్పి చూపించాడు.

"వారం చెప్పినా నీ బుర్రకెక్కలేదేంటే?" అన్నారు మా ఆయన, లోపలికొచ్చి.

"ఎక్కలేదండి" అన్నాను.

మర్నాడు అతను మళ్ళీ వచ్చాడు. "ఇవాళ కూడా వలేనండి. అమ్మగారి చేతి కాఫీ నాకు కలిసొచ్చింది" అనడం వంటింట్లోకి వినబడింది. నేను పొయ్యి ఆర్పేసి, తలుపు వేసుకుని కూర్చున్నాను. సాయంత్రానికి ఆ వల మా పెరట్లో పడి ఉంది.

నేను చదివింది మూడో తరగతి. ఎక్కాలు సగం ఎప్పుడో పోయాయి. ఆ వారం రోజుల చదువు మాత్రం, తీసుకుపొమ్మని నేనే ఇస్తున్నా కాలం పుచ్చుకోవడం లేదు.