నల్లబల్ల వెనక మూడు ముఖాలు

కర్నూలు రాజధానిగా ఆంధ్ర రాష్ట్రం నడుస్తున్న రోజుల్లో నేను ప్రొద్దుటూరులో ఉపాధ్యాయ శిక్షణ ముగించి, జమ్మలమడుగు దగ్గర ఒక పల్లె బడిలో చేరాను. శిక్షణలో నా నమూనా పాఠాన్ని అందరూ మెచ్చుకున్నారు. బోధన విషయంలో ఇక నేను నేర్చుకోవలసింది ఏమీ లేదన్న నమ్మకాన్ని కూడా ట్రంకుపెట్టెతో పాటు మోసుకుపోయాను.

ఆ పల్లెలో సగం మంది సేద్యగాళ్లు, సగం మంది నాపబండలు కొట్టేవాళ్లు.

మూడో తరగతికి ఘనాకారాల పాఠం మొదలుపెట్టిన రోజు నల్లబల్ల మీద స్కేలు పెట్టి సమఘనం గీశాను. నీడ కూడా దిద్దాను. రెండడుగులు వెనక్కి వేసి నేనే కాసేపు చూసుకున్నాను.

“దీనికి ముఖాలు ఎన్ని?”

“మూడు,” అన్నారు పిల్లలంతా.

“కాదు, ఆరు. మిగతా మూడూ వెనక ఉన్నాయి.”

ముందు వరుసలో బండలు కొట్టే ఒకాయన కూతురు కూర్చునేది. ఆ పిల్ల లేచి, నల్లబల్ల వెనక్కి పోయి చూసి వచ్చింది.

“ఆడ ముఖాలేం ల్యావు అయ్యవారూ. బల్లి ఉండాది.”

తరగతి నవ్వింది. నేను ఆ పిల్లను గోడ దగ్గర నిలబెట్టాను. వెనక ఉన్నాయని చెప్పింది నేనే కదా అన్న సంగతి సాయంత్రం అన్నం తింటుంటే గాని తట్టలేదు.

మరునాడు చేలోంచి నల్లరేగడి తెచ్చి పిసికి, సమఘనం, గోళం, స్తూపం, శంకువు చేసి బడి వసారాలో ఎండబెట్టాను. మధ్యాహ్నానికి అన్నీ పగుళ్లిచ్చాయి. శంకువు మొన విరిగింది. సమఘనం కుంగి, మూలలు జారి గుండ్రంగా అయింది. ఇదేమిటని అడిగితే పిల్లలు తడుముకోకుండా “సంగటి ముద్ద” అన్నారు.

ఆ వారంలోనే ఇన్‌స్పెక్టరు వస్తున్నారని కబురు వచ్చింది. గత్యంతరం లేక ఆ అమ్మాయి తండ్రి దగ్గరికి పోయాను. ఆయన ఇంటి ముందు ఉలితో బండ అంచు సరిచేస్తున్నాడు. నాలుగు వేళ్ల మందం రాయితో సమఘనం కావాలని, పొడవు, వెడల్పు, ఎత్తు సమానంగా ఉండాలని చెప్పాను. పాఠం చెప్పే గొంతుతోనే చెప్పాను.

ఆయన అంతా విన్నాడు. “ఎన్ని పక్కలు నున్నగ చేయమంటారు అయ్యవారూ?”

“నాలుగు,” అన్నాను ధీమాగా.

ఆయన సుత్తి కింద పెట్టాడు. “అట్లయితే పైనా కిందా గరుగ్గా ఇడ్సాల్నా?”

పక్కనే రాతిపొడి ఊడుస్తున్న ఆ అమ్మాయి తల ఎత్తలేదు. నా మీద జాలో, మళ్లీ గోడ దగ్గర నిలబెడతానన్న భయమో తెలియదు.

“ఆరు,” అన్నాను, మెల్లగా.

రెండు రోజులకు రాయి బడికి వచ్చింది. పిల్లలు దాన్ని ఒకరి చేతుల్లోంచి ఒకరు లాక్కుని, కళ్లు మూసుకుని బొటనవేలితో తడిమారు. అంచులు పన్నెండు, మూలలు ఎనిమిది అని వాళ్లే తేల్చారు. ఇళ్లనుంచి నిమ్మకాయ, రోకలి తెచ్చి దొర్లించారు. నిమ్మకాయ ఎటు తోస్తే అటు పోతుందని, రోకలి ఒక దారినే దొర్లుతుందని, రాయి అసలు దొర్లదని కనిపెట్టారు. నేను చేసిందల్లా రోకలి కాలి మీద పడకుండా తప్పుకోవడం.

ఇన్‌స్పెక్టరు వచ్చి రాయి ఎత్తి చూపారు. ముఖాలు ఆరని తరగతంతా చెప్పింది.

“ఎవరు నేర్పినారు?” అన్నారు ఆయన.

ఆ అమ్మాయి నిలబడింది. “అయ్యవారు నాలుగన్నాడు సామీ. మా నాయన ఆరు చేసినాడు.”

ఆయన రాయిని నా చేతికిచ్చి, అంచులెన్నో నన్ను చెప్పమన్నారు. జవాబు నాకు తెలుసు. అయినా వేళ్లతో ఒక్కొక్కటీ తడిమి, పిల్లల ముందే లెక్కపెట్టి, పన్నెండు అన్నాను. లెక్కపెట్టకుండా చెప్పే ధైర్యం ఆ రోజు లేకపోయింది. రిజిస్టరులో ఆయన పాఠం బాగుందని రాసి, రాయి చేసినవారికి తన మెప్పు తెలియజేయమన్నారు. నా గురించి ఏమీ రాయలేదు.

ఆంధ్రప్రదేశ్ వచ్చాక నాకు పులివెందులకు బదిలీ అయింది. పోతూ ఆ రాయిని వెంట తీసుకుపోదామనుకున్నాను. అది బడి రాయి అని పిల్లలు ఇవ్వలేదు. అప్పటికి ఆ అమ్మాయి ఐదో తరగతి. మూడో తరగతికి ఆ పాఠం తనే చెప్పేది. నేను వాకిట్లో నిలబడి వినేవాణ్ణి.