పిట్టకేం తెలుసు కారం రుచి

వైదేహి గారు అనకాపల్లి జూనియర్ కాలేజీలో ఇరవై రెండేళ్లు జువాలజీ చెప్పారు. విన్నిపెగ్ వచ్చాక ఆ ఇరవై రెండేళ్లనీ "కెనడియన్ ఎక్స్‌పీరియన్స్ లేదు" అనే ఒక్క ముక్కతో కొట్టిపారేశారు మహానుభావులు. చివరికి గాజు కప్పు కింద పెంచే పక్షుల తోటలో నేల తుడిచే పని దొరికింది. బయట మైనస్ ముప్పై, లోపల ఉక్కపోత. మన మే నెల లాంటి ఆ ఉక్కకి జీతం కూడా ఇస్తున్నారు కదా అని సరిపెట్టుకున్నారు.

అక్కడ మేనేజరు కెల్సీ. నిండా పాతికేళ్లు లేవు గానీ రూల్సంటే ప్రాణం. బయటి తిండి లోపలికి తెచ్చి పక్షులకి పెడితే ఆ పూటే ఇంటికి పంపేస్తుంది. వైదేహి గారికి ప్రొబేషన్ ఇంకా నెల ఉంది.

అంతలో టానజర్ అనే కొత్త పిట్ట దిగింది. దక్షిణ అమెరికాలో ఎప్పుడూ మబ్బులు కమ్మి ఉండే కొండ అడవులది. గుప్పెడంత లేదు, ఒంటి మీద లేని రంగు లేదు. మహారాణి గారు మూడు రోజులుగా ఏమీ ముట్టలేదు. బొప్పాయి పెట్టారు, పురుగులు పెట్టారు, కాళ్లావేళ్లా పడ్డారు. ఊహూఁ. ఈకలు ఉబ్బించుకుని మూల కూర్చుంది.

"ఇవాళ కూడా తినకపోతే ఇక దక్కదు," అని కెల్సీ కళ్లు తుడుచుకుంటూ బయటికి వెళ్లింది.

వైదేహి గారు మాప్ గోడకి ఆనించారు. పొద్దున పచ్చడికని కొన్న పండు మిరపకాయలు సంచిలో ఉన్నాయి. ఆ దేశాల్లో అడవి మిరప కాస్తుందనీ, దాన్ని పిట్టలే తింటాయనీ ఆవిడకు తెలుసు. "పోతే పోయింది దిక్కుమాలిన ఉద్యోగం!" అనుకుని ఒకటి చీల్చి ముందు పెట్టారు.

పిట్ట తల వంచి చూసింది. ఒక గింజ పొడిచింది. ఆపైన గబగబా లాగించడం మొదలెట్టింది.

సరిగ్గా అప్పుడే ఊడిపడింది కెల్సీ. "ఏంటది? చంపేస్తావా దాన్ని?"

"చావదమ్మా. పక్షులకి కారం తెలీదు. నేను ఇన్నేళ్లూ చెప్పిన పాఠమే ఇది."

కెల్సీ నమ్మితేగా! ఇంకో కాయ లాక్కుని తనే కసుక్కున కొరికింది. ఇంకేముంది, మొహం కందగడ్డయింది. నోరు పట్టుకుని కుళాయి దగ్గరికి పరుగో పరుగు. వైదేహి గారు నవ్వలేక, ఏడవలేక మాప్ కర్ర పట్టుకుని నిలబడ్డారు.

తిరిగొచ్చేసరికి పిట్ట కాయ మొత్తం పూర్తిచేసి ముక్కు కొమ్మకి రుద్దుకుంటోంది. కెల్సీ దాన్నే చూస్తూ ఉండిపోయింది. తర్వాత జేబులోంచి నోట్‌బుక్ తీసింది.

"రూల్స్ సంగతి నేను చూసుకుంటా. రోజుకి ఎన్ని పెట్టమంటారు?"

ఆవిడకి తెలిసిన సంగతి గురించి ఆ ఊళ్లో ఎవరైనా ఆవిణ్ని అడగడం మూడేళ్లలో అదే మొదలు. మిరపకాయ కొరక్కుండానే వైదేహి గారికి కళ్ల నీళ్లు తిరిగాయి.