బజారులో పలకరించని మేడమ్

ప్రమోదను మా ధర్మవరంలో బొమ్మల మేడమ్ అంటారు. ఆమె ముందర అనరు. వెనక కూడా గట్టిగా అనరు. ఆ పేరు మన నోట వచ్చిందంటే మన ఇంట్లో ఒక బిడ్డను ఆమె దగ్గరికి తీసుకుపోయామని అవతలివాడికి తెలిసిపోతుంది.

ఆమె ఊరు రొళ్ల. వాళ్ళ నాయనది వేరుశనగ సేద్యం. బెంగళూరులో పెద్ద చదువు చదివి క్లినికల్ సైకాలజిస్టు అయింది. పిల్లల మాట, ఆట, ఎదుగుదల ఎట్లా ఉన్నాయో పరీక్ష చేసి చెప్పే పని. ఒక ధర్మసంస్థ నడిపే కేంద్రాల్లో సోమవారం హిందూపురం, బుధవారం పెనుకొండ, శుక్రవారం ధర్మవరం. మూడు ఊర్లలో మూడు గదులు, అన్నిటికీ ఒకటే సంచి. అందులో చెక్క బిళ్ళలు, రంగు పూసలు, గిలక్కాయ, బొమ్మ టీకప్పులు, ఒక స్టాప్‌వాచీ. కాపురం పెనుకొండలో, మేడ మీద ఒంటి గదిలో. మందు రాయదు, సూది వెయ్యదు. బిడ్డతో గంటసేపు నేల మీద కూర్చుని ఆడుతుంది, తల్లిదండ్రులను నూరు ప్రశ్నలు అడుగుతుంది, చివరికి ఒక కాగితం రాస్తుంది. జనం పోయేది ఆ కాగితం కోసమే, భయపడేది కూడా ఆ కాగితానికే.

మొదటి ఏడాది ఆమెకు మా ఊర్ల సంగతి తెలియదు. ఒకరోజు హిందూపురం బజారులో ఒక తల్లి ఎదురైతే నవ్వుతూ, "బాబు ఎట్లుండాడమ్మా, చెంచాతో తింటాండాడా?" అని అడిగింది. పక్కన ఆ తల్లి తోడికోడలు ఉంది. "ఈమె నీకెట్ల తెలుసు?" అని తోడికోడలు అడగడం ప్రమోద చెవిన పడింది. ఆ తల్లి మళ్ళీ కేంద్రానికి రాలేదు, ఫోను ఎత్తలేదు. చెంచా పట్టుకోవడం అప్పుడే నేర్చుకుంటున్న ఆ పిల్లవాడు ఏమయ్యాడో ఈనాటికీ ఆమెకు తెలియదు. అప్పటినుంచి తెలిసిన మొహం కనబడితే ఆమే ముందు తల తిప్పుకుంటుంది. చెప్పుల అంగడి ముందైతే చెప్పులు చూస్తుంది, టీ కొట్టు ముందైతే బోర్డు చదువుతుంది. మూడు ఊర్లలో మూడు వందల ఇండ్ల లోపలి సంగతి తెలిసిన మనిషిని, తిన్నావా అని అడిగేవాళ్ళు ఒక్కరూ లేరు.

ఇదంతా ఆమె తర్వాత చెప్పింది. నేను కల్పించానని మా వీధిలో అంటారు. అననీ.

నిరుడు జూన్‌లో మా మనవరాలు రోజాకు ఐదేళ్ళు దాటాయి. మాటలు లేవు. పేరు పెట్టి పిలిస్తే తిరగదు. మగ్గం గుంట పక్కన కూర్చుని పట్టుదారం చుట్టిన కండెలను రంగు ప్రకారం వరుస పెడుతుంది. ఒక కండె కదిలించామంటే ఊపిరి తిరగనట్టు ఏడుస్తుంది. కేంద్రం నుంచి కాగితం తెస్తే చూస్తామని బడివాళ్ళు అన్నారు. నా కొడుకు జగదీష్ రానన్నాడు. నేను, కోడలు మంజులత, పాప, ఆటో ఎక్కి పెద్ద బజారు తప్పించి వెనక వీధుల్లో పోయాం.

తప్పు చేసింది నేను. చిన్నప్పుడు నన్ను హిందూపురం కాన్వెంటులో వెయ్యడానికి మా నాయన తీసుకుపోతే, సిస్టరు రంగుల పేర్లు అడిగింది. నేను నోరు తెరవలేదు. ఇంటికి పంపేసింది. మా నాయన నెల రోజులు రంగురంగుల పట్టుదారం చిలపలు ముందేసి రెడ్, గ్రీన్, ఎల్లో అని నూరిపోసి మళ్ళీ తీసుకుపోయాడు. సీటు వచ్చింది. అడిగేవాళ్ళు ఎవరైనా ముందే నూరిపోసి పంపితే సీటు వస్తుందని ఆనాడే నా తలలో నాటుకుపోయింది.

ప్రమోద కాగితం తీసి అడగడం మొదలుపెట్టింది. "పాప తల ఎప్పుడు నిలిపింది తాతా?"

"పుట్టిన మూడో రోజు."

మంజులత నా కాలు తొక్కింది.

"నడక?"

"ఎనిమిదో నెల. నడక కాదమ్మా, పరుగు. పట్టుకోలేక మగ్గానికి పట్టుదారంతో కట్టేసినాం."

"మాటలు?"

"ఏడాదికే. ఇప్పుడు అలిగిండాది, అంతే."

ప్రమోద తల ఎత్తకుండా రాసింది. "ఇవి తాత చెప్పినవి అని రాసుకుంటాండా. అమ్మ చెప్పేవి వేరే కాగితం మీద రాస్తా."

"మా మామ పెనుకొండ కొండ మీద ఎలుగుబంటికి గుడ్ మార్నింగ్ నేర్పించినాడంట మేడమ్," అంది మంజులత. "ఆ లెక్కన చూసుకోండి."

"ఎలుగుబంటికి ఎన్ని నెలలకు మాటొచ్చింది తాతా?" అంది ప్రమోద.

ఆమె మీద నాకు గురి కుదిరింది.

తర్వాత పది గుంతలున్న ఒక చెక్క పలక తీసింది. గుండ్రం, చదరం, నక్షత్రం, అర్ధచంద్రం, ఇట్లా పది బిళ్ళలు. ఏ బిళ్ళ ఏ గుంతలోదో బిడ్డ కనిపెట్టి పెట్టాలి. ఆ రోజు రోజా ఫ్యాను చప్పుడుకు ఏడ్చి పలకవైపే చూడలేదు.

"వచ్చే నెల రండి," అంది ప్రమోద. "ఆగస్టు నుంచి పొద్దుటిపూట తరగతి పెడతాండాం. మాట నేర్పే టీచరు వస్తాది. పన్నెండు మందికే చోటు. జూలై ఆఖరుకల్లా పాప ఎట్లుండాదో ఉన్నదున్నట్టు రాసిస్తేనే చోటొస్తాది. లేకుంటే మళ్ళీ ఏడాది ఆగల్ల."

ఇందులో చోటు అన్న మాట ఒక్కటే నాకు వినబడింది.

నలభై ఏళ్ళు మగ్గాలు బాగుచేసిన చెయ్యి నాది. ఇంటికొచ్చి పాత మగ్గం చెక్కతో అదే పలక, అదే పది బిళ్ళలు చెక్కాను. నెల రోజులు పొద్దున, సాయంత్రం రోజాకు అదే పని. సరిగ్గా పెడితే బొరుగుల ఉండ. నెల తిరిగేసరికి రోజా కళ్ళు మూసుకుని పెట్టేది. ఇదొక్కటి మాత్రం నేను కోసే కోత కాదు.

రెండోసారి కేంద్రంలో రోజా పది బిళ్ళలూ టకటకా పెట్టేసి నావైపు చెయ్యి చాపింది. ప్రమోద వాచీ ఆపింది. బిళ్ళలు తీసి, పలకను పై అంచు కిందికి వచ్చేట్టు తిప్పి మళ్ళీ రోజా ముందు పెట్టింది.

రోజా గుండ్రటి బిళ్ళ తీసుకుని, ఇంట్లో గుండ్రటి గుంత ఉండే చోట పెట్టి నొక్కింది. అక్కడిప్పుడు నక్షత్రం గుంత ఉంది. బిళ్ళ దిగలేదు. మళ్ళీ నొక్కింది. వేళ్ళు తెల్లబడేదాకా నొక్కి, పలకకు తల కొట్టుకుంటూ ఏడ్చింది. ప్రమోద తన అరచెయ్యి ఆ తలకు, చెక్కకు మధ్యన పెట్టింది. పాప నెమ్మదించేదాకా తియ్యలేదు.

"ఈ పలక ఇంట్లో చేసినారా తాతా?"

"లే."

నా బొటనవేలికి ఉలి తగిలిన కట్టు ఉంది. ఆమె దాన్ని చూసింది. 

"ఈ పలకతో పాపను ఇప్పట్లో పరీక్ష చెయ్యలేను," అంది మంజులతతో. "మీరిద్దరూ చెప్పిన నెలల లెక్కలు ఒకదానికొకటి కలవలేదు. నేను ఇంటికొచ్చి పాపను చూడల్ల. గడువు పది రోజులే ఉండాది."

"మా ఆయన ఒప్పుకోడు మేడమ్. వీధంతా చూస్తాది."

నిజంగానే జగదీష్ ఒప్పుకోలేదు. "ఆయమ్మ మన గడప తొక్కితే రేపటి నుంచి మన పాపకు పేరు పెడతారు," అన్నాడు.

ఆ శుక్రవారం సాయంత్రం నేను పెనుకొండ పోవాల్సి వచ్చి ధర్మవరం స్టేషనుకు పోయాను. ప్లాట్‌ఫారం చివర బెంచీ మీద ప్రమోద కూర్చుని ఉంది. మధ్యాహ్నం తినాల్సిన పెరుగన్నం అప్పుడు తింటోంది. నన్ను చూసి వెంటనే బరువు తూచే మిషన్ వైపు తల తిప్పుకుంది. మంచిదే అనుకున్నాను.

అంతలో ఒక కుటుంబం వచ్చింది. వాళ్ళ ఏడేళ్ళ ఆడపిల్ల చెయ్యి విడిపించుకుని పోయి ప్రమోద మోకాళ్ళ మీద తల ఆనించింది. తల్లి వచ్చి, ప్రమోద మొహంలోకి చూడకుండా పిల్ల భుజం పట్టి లాగింది. "ఏమనుకోకండి, ఎవరో అనుకుని వచ్చినాది," అంది.

"ఫర్వాలేదండీ," అంది ప్రమోద, తనకూ ఆ పిల్ల ఎవరో తెలియనట్టే. ఏడాది కిందట ఆ పిల్ల ఎవరినీ ఒంటి మీద చెయ్యి వెయ్యనిచ్చేది కాదట.

వాళ్ళు పోయారు. ప్రమోద సగం అన్నం ఉండగానే డబ్బా మూత పెట్టింది. నేను పోయి ఆమె పక్కన కూర్చున్నాను.

"తాతా, ఆడ ఇంకో బెంచీ ఉండాది," అంది నావైపు తిరగకుండా. "ఎవరన్నా చూస్తారు."

"చూడనీ. కాగితం తియ్యమ్మా. పలక చేసింది నేనే."

"తెలుసు తాతా."

"తల నిలిపింది ఆరో నెల. నడిచింది రెండేళ్ళకు."

"మాట?"

రైలు ఇంకా రాలేదు. తొందరేమీ లేదు. అయినా బొటనవేలి కట్టు విప్పి, మళ్ళీ బిగించి కట్టుకున్నాను. "ఏడాదిన్నరకు నాయనా అనింది. రెండు నెలలు అనింది. తర్వాత ఆగిపోయింది. ఎప్పుడు ఆగిందో మా ఇంట్లో ఒకరినొకరం అడుక్కోలేదమ్మా."

ఆమె రాసుకుంది. "ఆగిపోయిందని మంజులత చెప్పలేదు తాతా," అంది.

"చెప్పలేక. ఆదివారం రా. పగలే రా. ముందు వాకిట్లో నుంచే రా."

జగదీష్‌తో రెండు రోజులు మాటా మాటా అయ్యాక, చీరలు కొనడానికి వచ్చిన బెంగళూరు ఆమె అని చెప్పాలన్న షరతు మీద ఒప్పుకున్నాడు. అబద్ధం నాకొక పనా? ఆమె చెల్లెలి నిశ్చితార్థం, అయిదు చీరలు, అంచు రంగులతో సహా సిద్ధం చేసుకున్నాను.

ఆదివారం ఆమె వీధిలోకి రాగానే ఎదురింటి తిరుపాల్ అరుగు మీద నుంచి అడిగాడు. "ఏమప్పా వెంకటేశులూ, ఎవరామె?"

చెల్లెలి నిశ్చితార్థం నోటిదాకా వచ్చింది. ప్రమోద అప్పటికే ఎవరికీ కాని మనిషిలా మా గోడ మీది సున్నం చూస్తోంది.

"మా రోజాను చూసే మేడమ్," అన్నాను. "పాపకు మాట రాలేదు కదా. దానికోసం."

తిరుపాల్ నవ్వాడు. "చీరలు కొననీకొచ్చిందని చెప్తే ఆ బేరం మేం ఎగరేసుకుపోతామనా?"

"లే అబ్బా, నిజం."

"నీ నోట్లో నిజమా?" వీధంతా నవ్వింది. గడప దగ్గర ప్రమోద కూడా నవ్వింది. ఆమె నవ్వు వినడం నాకదే మొదలు.

లోపల రెండు గంటలు నేల మీద కూర్చుంది. పాపను ఏమీ అడగలేదు. చాలాసేపటికి ఒక ఎర్ర కండె తీసి ఎర్రవాటి చివర పెట్టింది. రోజా ఆ కండెను చూసింది. ఏడవలేదు. జగదీష్ వీపు తిప్పుకుని నేస్తూనే ఉన్నాడు. అన్నం వేళకు మంజులత మగ్గం దూలం మీద చెక్కతో రెండుసార్లు తట్టింది. రోజా తల ఎత్తింది.

ప్రమోద రాయడం ఆపేసింది. "పేరుకు తిరగదు, దీనికి తిరుగుతాదా?"

"మగ్గం ఆడుతుంటే పేరు వినపడదు మేడమ్," అన్నాడు జగదీష్, తిరగకుండానే. "మా ఇంట్లో అందరినీ ఇట్లనే పిలుస్తాం."

అతను ఆమెతో మాట్లాడిన మొదటి మాట అది. తర్వాత ఆమె రాసిచ్చిన కాగితంలో ఆటిజం అని ఉంది. దాని కింద రెండు తట్లతో పిలిచి, వెంటనే పేరు చెప్పడంతో మొదలుపెట్టాలని కూడా ఉంది. రోజాకు పన్నెండు చోట్లలో ఒకటి దొరికింది. జగదీష్ ఆ కాగితం రెండుసార్లు చదివి, "మొద్దు అని యాడా రాయలేదే," అన్నాడు. ఇప్పుడు పాపను అతనే దింపి వస్తాడు, పెద్ద బజారు మీదుగా.

మొన్న శుక్రవారం రోజాను తీసుకొస్తుంటే బజారులో ప్రమోద ఎదురైంది. అలవాటుగా చెప్పుల అంగడివైపు తిరిగింది.

"ఏం మేడమ్, తిన్నావా?" అన్నాను, పదిమందికి వినబడేట్టు.

ఆమె వెనక్కి చూసింది, ఇంకెవరినన్నా అడిగానేమోనని. వెనక ఎవరూ లేరు.

"ఇంకా లేదు తాతా," అంటూ నాకేసి ఒక అడుగు వేసింది. అంతలో మా వెనక, కేంద్రానికి వచ్చే ఒక తల్లి బిడ్డను ఎత్తుకుని ఆటో దిగింది. ప్రమోద మాట మధ్యలో ఆపేసి మళ్ళీ చెప్పులవైపు తిరిగింది. ఆ తల్లి దాటి పోయేదాకా నేను కూడా ఆమె పక్కన నిలబడి ఆ చెప్పులే చూశాను.