ముత్యం బెదిరిన మూల

కురవి చుట్టుపక్కల పెళ్లి బరాత్ అంటే అందరికీ కొమురయ్య తెల్ల గుర్రమే గుర్తొచ్చేది. దాని పేరు ముత్యం. కిందటి వానాకాలంలో కొట్టంలో గడ్డి వేస్తుండగా పాము కరిచి, కొమురయ్య ఎడమ మూలన కూలిపోయాడు. దవాఖానకు చేరేలోపే ప్రాణం పోయింది. భార్య చిలుకమ్మకు పిల్లలు లేరు. గుర్రాన్ని అమ్మేయమని ఎవరెంత చెప్పినా ఆమె వినలేదు. బరాత్‌లకు తన తమ్ముడితో పంపిస్తూ, దాణా, మాలీషు తానే చూసుకునేది.

కొన్ని నెలలకు ముత్యం ఆ మూలకు బెదరడం మొదలుపెట్టింది. లోపలికి అడుగు పెడుతూనే చెవులు నిక్కించి వెనక్కి తగ్గేది. ఎడమ కంటి నీళ్లు చెంప మీద చారలు కట్టేవి. యజమాని కనబడుతున్నాడని, అందుకే ఏడుస్తోందని వాడకట్టు వాళ్లు అన్నారు. చిలుకమ్మ మొదట భయపడింది. పోనుపోను పొద్దున్నే పేడ ఎత్తుతూ ఆ మూలతో మాట్లాడటం అలవాటైంది. బర్రె ఈనిందని, గాలికి రేకు లేచిపోయిందని చెప్పేది. గుర్రం చెవులు కదిపితే అతడు విన్నట్టే ఉండేది.

ఒకనాడు ఆ కన్ను తెరుచుకోలేదు. పశువుల డాక్టర్ అఖిల వచ్చి, మత్తు సూది వేసి, పై రెప్పను మెల్లగా తిరగేసింది. లోపలి వైపు ఒక వెంట్రుక మొలిచి, కంటిగుడ్డుకు గుచ్చుకుంటోంది.

"గిదే అక్కా. రెప్ప కొట్టినప్పుడల్లా గీసుకుంటాంది. గుడ్డు మీద పుండైంది. అటుదిక్కు సరిగ కనబడకనే బెదురుతాంది."

చిలుకమ్మ ఆ మూల వైపు చూసింది.

"మరి ఆయన?" అని అడిగింది.

డాక్టరమ్మకు అర్థం కాలేదు. సన్నటి పట్టకారుతో వెంట్రుక పీకి, చుక్కల మందు ఇచ్చి, అది మళ్లీ మొలవొచ్చని చెప్పి వెళ్లింది.

పుండు మానింది. ముత్యం తిన్నగా లోపలికి పోయి, ఆ మూలలోనే నిలబడి గడ్డి తినసాగింది. చిలుకమ్మకు కొమురయ్యను రెండోసారి మట్టిలో పెట్టి వచ్చినట్టయింది.

చలికాలం చివర్లో ముత్యం మళ్లీ గడప దగ్గరే ఆగి బెదిరింది. చెంప తడిగా ఉంది. చిలుకమ్మ ఆ పూట ఎవరికీ చెప్పలేదు. మూలన కూర్చుని, ఇన్నాళ్లూ దాచుకున్న మాటలన్నీ చెప్పింది. గుర్రం తల విదిలిస్తూ, కన్నును గుంజకేసి రుద్దుకుంటుంటే ఎక్కువసేపు చూడలేకపోయింది. లేచి పగ్గం పట్టుకుంది.

"దీనికి నొప్పయితాంది, నేను పోతున్న," అని మూలకు చెప్పింది.

కొట్టం తలుపు వేయబోయి, తెరిచే వదిలేసి, ముత్యాన్ని పశువుల దవాఖాన దారి పట్టించింది.