ఫైనల్ దాకా ఆగమన్నాను

క్రికెట్ ఆట నడుస్తుంటే టీవీ సౌండు తగ్గించి, ఓవర్ అయిపోయి ప్రకటనలు రాగానే పెంచే మనిషిని మీరు చూసి ఉండరు. నేను అలాంటివాణ్ణి. అందరూ ప్రకటనలప్పుడు నీళ్ళు తాగడానికి లేస్తారు. నేను బ్యాటింగ్ నడుస్తుండగా లేచి, ప్రకటనల వేళకు పరుగున వచ్చి కూర్చునేవాణ్ణి. అమ్మను మేం అవ్వ అంటాం. మా అవ్వకు ఈ వరస అర్థమయ్యేది కాదు. కొడుక్కి తలకాయ తిరిగిందని వాడకట్టంతా చెప్పుకునేది. ఆమె అంత తప్పేమీ చెప్పలేదు.

నేను జనగామలో అద్దె గదిలో ఉంటూ కొడకండ్లలో ఒక ఆఫీసులో కాంట్రాక్టు మీద కంప్యూటర్ ఆపరేటర్‌గా పనిచేస్తాను. అక్కడ నా బల్ల మీద ఉన్నది ఏ కాలందో తెలియని పాత డబ్బా. దాన్ని ఆన్ చేసి బయటికి పోయి ఛాయ్ తాగి వచ్చినా ఇంకా లేచి ఉండదు. పగలంతా దానితో తన్నుకులాడేవాడికి కొత్త కంప్యూటర్ల మీద మనసు పోవడం వింతేమీ కాదు. నాలాంటి వాళ్ళకు ఫోన్లో ఒక గ్రూపు ఉంది. జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి జిల్లాల వాళ్ళం, ముప్పై మంది దాకా ఉంటాం. మాలో కొనేవాళ్ళు తక్కువ, మాట్లాడుకునేవాళ్ళే ఎక్కువ. భూపాలపల్లి బొగ్గుబాయిలో పనిచేసే ఒక అన్న మాకు పెద్ద. షిఫ్టు దిగి పైకి రాగానే, ముఖం మీది మసి కడుక్కోకముందే, గ్రూపులో ఏం మాట్లాడుకున్నామో చూసేవాడు.

ఆ ఏడు చలికాలం మొదట్లో పెద్ద క్రికెట్ పోటీ జరిగింది. ఓవర్ల మధ్య ఒక కంపెనీ ప్రకటన మొదలైంది. నల్లటి తెర, మూసి ఉన్న ల్యాప్‌టాప్, మూత కాస్త లేచి సందులోంచి సన్నటి వెలుతురు. ఐదు సెకన్లలో అయిపోయేది. పేరు లేదు, ధర లేదు, తేదీ లేదు. అది ఏమై ఉంటుందా అని మాకు అన్నం సయించలేదు. ప్రతి మ్యాచ్‌కూ మూత కొంచెం కొంచెం ఎక్కువ లేస్తోందని మొదట పసిగట్టింది భూపాలపల్లి అన్న. ఆయన ప్రకటనను ఫోన్లో రికార్డు చేసి, ఆపి, దాని మీద స్కేలు పెట్టి కొలిచాడు. ఆ తర్వాత అందరం స్కేళ్ళు పట్టుకుని మా మా టీవీల ముందు నిలబడ్డాం. టీవీలు చిన్నవీ పెద్దవీ కాబట్టి కొలతలు కుదిరేవి కావు, దాని మీద రోజుకో కొట్లాట. చివరికి ఒక లెక్కకు వచ్చాం. ఇదే తీరుగా లేస్తే ఫైనల్ రోజుకు మూత మొత్తం తెరుచుకుంటుంది. ఫైనల్‌లో చూపిస్తారు, తెల్లారి దుకాణాల్లోకి వచ్చేస్తుంది. హనుమకొండలో ఒక దుకాణంలో అద్దాల అర ఖాళీ చేసి పెట్టారని ఎవరో ఫొటో పెట్టారు. ఇంకేం, సాక్ష్యం దొరికిందనుకున్నాం. ఆ అర ఎందుకు ఖాళీ అయిందని దుకాణం ఆయనను అడిగిన పాపాన ఎవరూ పోలేదు.

ఇంతవరకు నవ్వుకోవడానికి బాగానే ఉంది. నేను మా చెల్లెను కూడా ఇందులోకి లాగాను.

మా ఇల్లు బయ్యారం దగ్గర ఒక ఊళ్ళో. చెల్లె నాకంటే ఆరేళ్ళు చిన్నది. డిగ్రీ చదివి మహబూబాబాద్‌లో ఒక దవాఖానలో కంప్యూటర్ మీద పేషెంట్ల చీటీలు ఎక్కించే పని చేసేది. రెండేళ్ళ కింద ఆటో బోల్తాపడి తుంటి విరిగింది. ఇప్పుడు కర్ర పట్టుకుని ఇంట్లో తిరుగుతుంది కానీ బస్సు మెట్టు ఎక్కలేదు. ఆ పని పోయింది. వాకిట్లో మంచం మీద కూర్చుని ఫోన్లో ఇంటి దగ్గర చేసుకునే పనులు వెతకడమే ఆమెకు పనైంది. ఎవరైనా జాలిగా చూస్తే ముఖం తిప్పుకునేది.

ఫైనల్‌కు పది రోజుల ముందు ఆఫీసులో ఉండగా ఆమె ఫోన్ చేసింది. గొంతులో అంత హుషారు విని చాలా కాలమైంది. హైదరాబాదులో ఒక కంపెనీ వాళ్ళు ఊళ్ళ జనం మాట్లాడిన రికార్డింగులు పంపుతారట. విని, ఉన్నది ఉన్నట్టు టైపు చేయాలి. మన వైపు మాట పుట్టుకతో వచ్చినవాళ్ళే కావాలట. ఇన్నేళ్ళు సినిమాల్లో మన మాట పెట్టి నవ్వించారు, ఇప్పుడు దానికే జీతం ఇస్తామంటున్నారని ఇద్దరం కడుపారా నవ్వుకున్నాం. పరీక్ష ఫోన్లోనే పెట్టారు, పాసైంది. ఇక ఒకటే షరతు. సొంత ల్యాప్‌టాప్ ఉండాలి. ఫైనల్ అయిన మర్నాడు, సోమవారం మధ్యాహ్నం పన్నెండింటికి వీడియో కాల్ చేస్తారు, దాన్ని నడిపి చూపించాలి. చూపించకపోతే ఆ చోటు తర్వాతి మనిషికి పోతుంది.

కొనడానికి డబ్బు తన దగ్గరే ఉంది. కావాల్సింది నా మాట ఒక్కటే. మా ఇంట్లో కంప్యూటర్ సంగతి అంటే నేను చెప్పిందే వేదం.

"ఏది కొనాలె అన్నా? నువ్వు ఏదంటె గదే కొంట," అంది.

"జర ఆగు చెల్లె. ఫైనల్‌ల కొత్తది సూపెడ్తరు. సోమవారం పొద్దుగాల్ల దుకాణంల ఉంటది. గిప్పుడు కొంటె పాతది అంటగడ్తరు."

సోమవారం పన్నెండింటి లోపల అందుతుందా అని చెల్లె అడిగింది. నేనున్నాను కదా, నీకెందుకు పరేషాన్ అన్నాను. ఇంతకన్నా చెడ్డ మాట నేను నా జీవితంలో ఎవరితోనూ అనలేదు.

మధ్యలో బుధవారం మళ్ళీ చేసింది. మహబూబాబాద్ దుకాణంలో ఒకటి ఉందట, పక్కింటి ఆయన బండి మీద తెచ్చిపెడతానంటున్నాడట. అదేదో పేరు చెప్పించుకుని నవ్వాను. రెండేళ్ళ కిందటి సరుకు అని, దాని మెమరీ గురించి, ప్రాసెసర్ గురించి పావుగంట పాఠం చెప్పాను. నాకు తెలిసిన సంగతి నాకే చెబుతావా అన్నట్టు కొంచెం విసుక్కున్నాను కూడా. సరే అన్నా అని పెట్టేసింది. ఆ తర్వాత మళ్ళీ అడగలేదు.

శనివారం జనగామలో రైలెక్కి ఇంటికి పోయాను. చెల్లె ఒక అట్టముక్క మీద పెన్నుతో గడులు గీసి, వాటిలో తెలుగు అక్షరాలు రాసుకుని, దాని మీద వేళ్ళు ఆడిస్తోంది. దవాఖానలో ఆమె చేసిందంతా ఇంగ్లీషు టైపే. తెలుగు అక్షరాలు ఎక్కడెక్కడ ఉంటాయో ఆ పది రోజుల్లో అట్ట మీదనే బట్టీపట్టింది. కళ్ళు మూసుకుని నా పేరు కొట్టి చూపించింది. అట్ట మీద ఏమీ పడదు కదా, తప్పో ఒప్పో నాకు తెలియలేదు. బాగుందన్నాను.

ఆదివారం మ్యాచ్ మొదలైంది. ఎవరు కొట్టారో, ఎవరు అవుటయ్యారో ఇప్పుడు నాకు గుర్తు లేదు. సాయంత్రం ఇన్నింగ్స్ మధ్య విరామంలో ఆ ప్రకటన వచ్చింది. సౌండు పెంచాను. అవ్వ కూడా పొయ్యి దగ్గర నుంచి లేచి వచ్చి నిలబడింది. మూత లేచింది, లేచింది, పూర్తిగా తెరుచుకుంది. తెరంతా తెల్లబడి, దాని మీద ఒకే ఒక్క మాట వచ్చింది. త్వరలో. అంతే. వెంటనే వంటనూనె ప్రకటన మొదలైంది.

నా ఫోన్ ఆగకుండా మోగసాగింది. త్వరలో అంటే నెల రోజులని ఒకరు, కాదు కొత్త సంవత్సరానికేనని ఇంకొకరు, ఆ అక్షరాల రంగులోనే గుట్టు ఉందని మరొకరు. నేను కూడా ఫోన్ తీసి, మూత మొత్తం తెరుచుకుంది చూశారా, మన లెక్క తప్పలేదు అని రాశాను. అప్పుడు నాకు సంతోషంగా ఉంది. ఎంత సిగ్గైనా ఈ ముక్క రాయకుండా ఇదంతా రాయడంలో అర్థం లేదు. తల ఎత్తేసరికి చెల్లె టీవీని కాదు, నన్ను చూస్తోంది.

"అయితె రేపు రాదా అన్నా?" అంది.

సోమవారం మొదటి బస్సుకు మహబూబాబాద్ పోయి దుకాణం మెట్ల మీద కూర్చున్నాను. షట్టర్ పదిన్నరకు లేచింది. బుధవారం నేను నవ్విన ఆ ల్యాప్‌టాపే కొన్నాను. ఆటో మాట్లాడుకుని ఇల్లు చేరేసరికి పదకొండున్నర దాటింది. చెల్లె తల దువ్వుకుని, దవాఖాన పనికి పోయేటప్పుడు కట్టుకునే చీర కట్టుకుని కూర్చుంది. డబ్బా చింపి ఆన్ చేశాం. కొత్త మిషన్ మొదటిసారి తెరిస్తే తనకు కావాల్సినవన్నీ నెట్‌లోంచి దించుకుంటుంది, గంటో రెండు గంటలో దాన్ని కదిలించకూడదు. ఈ సంగతి తెలియని ఆపరేటర్ ఎక్కడా ఉండడు. నాకూ తెలుసు. పది రోజులుగా అది ఒక్కసారి కూడా నా తలకెక్కలేదు. తెర మీద చక్రం తిరుగుతోంది, ఆపవద్దు అని కింద రాసి ఉంది. పన్నెండు శాతం, పంతొమ్మిది, ఇరవై ఆరు. మా ఊళ్ళో ఫోన్ సిగ్నల్ ఎంత ఉంటుందో అంతే వేగం.

సరిగ్గా పన్నెండింటికి చెల్లె ఫోన్ మోగింది. అవతల ఒకావిడ మర్యాదగానే మాట్లాడింది. చెల్లె ఫోన్ తిప్పి తెర చూపించింది. నలభై ఒకటి. పది నిమిషాలు ఆగుతానంది ఆమె, నిజంగానే ఆగింది. యాభై మూడు. ఇంకా నలుగురితో మాట్లాడాలని, ఈసారికి కుదరదని, మళ్ళీ తీసుకునేటప్పుడు తప్పకుండా పిలుస్తామని చెప్పింది. చెల్లె థాంక్స్ మేడమ్ అంది. కాల్ అయిపోయాక కూడా ఫోన్ ముఖం ముందు పట్టుకునే ఉంది. ఒంటిగంట దాటాక మిషన్ పని ముగించుకుని ఏదో పువ్వు బొమ్మ వేసి స్వాగతం అంది. ఎవరం దాని దగ్గరికి పోలేదు.

ఆ సాయంత్రం భూపాలపల్లి అన్నకు ఫోన్ చేసి జరిగింది చెప్పాను.

"మా బిడ్డకు కాలేజీకి కావాలంటె పోయిన వారమే పాతది కొనిచ్చిన తమ్మీ," అన్నాడాయన. "మనది ఉత్త ముచ్చట గదా. ఇంట్ల మనిషిని ఎట్ల ఆపినవు?"

ఎట్ల ఆపానో నాకు తెలుసు. ఆమెకు మంచిది దొరకాలని కాదు. ఆ కొత్త డబ్బా సీలు నా చేత్తో తెంపాలి, మూడు జిల్లాల్లో అందరికంటే ముందు ఫొటో నేను పెట్టాలి. దానికి చెల్లె డబ్బు, చెల్లె అవసరం నాకు ఆసరా అయ్యాయి. ఆ మాట అన్నకు చెప్పలేదు. ఇంతవరకు చెల్లెకూ చెప్పలేదు.

మళ్ళీ పిలుస్తామన్నవాళ్ళు పిలవలేదు. ఫిబ్రవరిలో మిరపకాయలు వచ్చాయి. మా ఊళ్ళోనే ఒక వ్యాపారి రేకుల షెడ్డు వేసి తొడిమలు తీసే పని పెట్టాడు. కూర్చుని చేసే పని, ఇంటికి నాలుగడుగుల దూరం. చెల్లె కర్ర పట్టుకుని పోయి, కాలు బార చాపుకుని, పొద్దంతా కాయల కుప్ప ముందు కూర్చునేది. సాయంత్రం ఇంటికి వచ్చి మంట ఓర్చుకోలేక రెండు చేతులూ మజ్జిగ గిన్నెలో ముంచేది. రాత్రి అన్నం అవ్వే కలిపి తినిపించేది. ల్యాప్‌టాప్‌ను అవ్వ పాత చీరలో చుట్టి బీరువా మీద పెట్టింది. నేను ఇంటికి పోయినప్పుడల్లా చెల్లె ఒక్క మాటైనా అంటుందని చూసేవాణ్ణి. తిట్టినా బాగుండేది.

ఎండలు ముదిరాక ఇంకో క్రికెట్ పోటీ వచ్చింది. ఒక ఆదివారం ఇంట్లో టీవీ నడుస్తుంటే ఓవర్ల మధ్య ఆ కంప్యూటర్ వచ్చింది, ఈసారి పేరుతో సహా. చేనులో నిలబడ్డ ఒక ఆడమనిషి మన వైపు మాటలోనే ఏదో చెబుతోంది. ఆమె నోట మాట వెలువడుతుండగానే తెర మీద తెలుగు అక్షరాలు వాటంతట అవే పడుతున్నాయి. వస్తున్న, పోతున్న, గిట్ల, గట్ల, ఒక్కటీ తప్పు పోలేదు. చెల్లె మజ్జిగలో చేతులు పెట్టుకుని ఆ ప్రకటన చివరిదాకా చూసింది. నేను నేల చూస్తూ కూర్చున్నాను.

"నేను జేస్తనన్న పని గదే గదన్నా," అంది. "ఇగ అదే రాసుకుంటది. నాకు అప్పుడు ఆ కొలువు దొరికినా గిప్పుడు పోతుండె. నువ్వు మనసుల పెట్టుకోకు."

నన్ను ఓదార్చడానికే అంది. నిజమే కావచ్చు, ఇప్పటికి పోయేదేమో. కానీ నడుమ ఆరు నెలలు ఉన్నాయి. ఇంట్లో కుర్చీలో కూర్చుని, చెవులకు హెడ్‌ఫోన్లు పెట్టుకుని, మన ఊళ్ళ మాటలు వింటూ, మండని వేళ్ళతో టైపు చేసుకునే ఆరు నెలలు. అవి ఆమెవి. నేను ఆగమన్నాను.